జల్లించి పంపిన పిండి

నా పెళ్ళిచూపుల్లో మా మామ అడిగినాడు, "అబ్బాయి ఏం పని చేస్తాడప్పా?" అని.

"పొడులు కొలుస్తాను" అన్నాను.

ఆయన "అంటే సొంతంగా పిండిమర ఉండాదా?" అన్నాడు. లేదని చెప్పినాను. వేరేవాళ్ళ పిండి, వేరేవాళ్ళ సిమెంటు, వేరేవాళ్ళ రాతిధూళి తెచ్చి, అవి ఎట్లా జారతాయి, ఎట్లా గడ్డకడతాయి చూసి కాగితం రాసిస్తానని వివరించినాను. పాపం, ఆయన మొహంలో ఉండే వెలుగంతా పోయింది. అయినా పిల్లనిచ్చినాడు, మంచి మనిషి.

మదనపల్లెలో ఒక చిన్న ప్రైవేటు లాబులో ముప్పై ఏళ్ళకు పైన అదే పని చేసి రిటైరైనాను. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా చేరే పిల్లలు ఫోన్ చేస్తుంటారు. ఏ మిషన్ కొనాల సారూ, ఏ కోర్సు చేయాల సారూ అని. మిషన్ సంగతి దాన్ని అమ్మేవాడు నాకంటే బాగా చెప్తాడు. జీతాలు, ప్రమోషన్లు ఎట్లాగూ మీకు నాకంటే ఎక్కువ తెలుసు. నేను చెప్పగలిగింది ఒకటే ఉంది. ఒక తప్పు. దాన్ని ఇన్నేళ్ళూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. పోయిన నెల పుంగనూరు పోయొచ్చినాక చెప్పొచ్చనిపించింది.

పని అంటే ఇంతే

నీళ్ళు పోస్తే పోతాయి. బండ పెడితే ఉంటుంది. పొడి మాత్రం దాని ఇష్టం. పొద్దున నీళ్ళ మాదిరి జారిన పిండి, సాయంత్రానికి గోడ మాదిరి నిలబడుతుంది. ఎందుకు నిలబడుతుందో ముందే కనిపెట్టడం మన ఉద్యోగం.

చేసేది పెద్ద విద్యేం కాదు. జల్లెడలు ఒకదాని మీద ఒకటి పెట్టి ఎంత సన్నమో చూస్తాము. తేమ చూస్తాము. కొలపాత్రలో వదులుగా పోసినప్పుడు ఎంత బరువు, తట్టి తట్టి అణిగినాక ఎంత బరువు అని చూస్తాము. కుప్పగా పోస్తే ఎంత వాలుగా నిలుస్తుంది, బరువు కింద పెట్టి ఒకరోజు ఉంచితే ఎంత గట్టిపడుతుంది, అదీ చూస్తాము. అన్నీ చూసి నాలుగు తరగతుల్లో ఒకదాంట్లో వేస్తాము. తానే జారేది, సులువుగా జారేది, అతుక్కునేది, మొండికేసేది.

ఆ తరగతిని బట్టి ఇనుప పని చేసేవాళ్ళు తొట్టి కడతారు. పైన పెద్ద తొట్టి, కింద గరాటు. మొండి పిండికి గరాటు నిటారుగా ఉండాల, మూతి వెడల్పుగా ఉండాల. మనం తరగతి తప్పు రాస్తే, పిండి మూతి మీద వంతెన మాదిరి కమాను కట్టి కూర్చుంటుంది. పైన టన్నుల పిండి, కింద ఖాళీ. అప్పుడు ఎవరో ఒక మనిషి కడ్డీ ఎత్తుకొని పైకెక్కుతాడు పొడవడానికి. నాయనా, మన పని మొత్తం ఆ మనిషి కోసమే. అతడు ఎక్కాల్సిన అవసరం రాకుండా చూడటమే మన పని. నాకిది అర్థం కావడానికి సగం సర్వీసు పట్టింది.

కుప్పం లారీ

నాకు పని నేర్పింది వెంకటరమణ సారు. మా లాబుకు మొదటి మేనేజరు. కోపిష్టి. పుస్తకం చూసి జవాబు చెప్తే పుస్తకం లాక్కొని కిటికీలో పెట్టేసేవాడు. మధ్యాహ్నం మాత్రం మా అందరికీ తన క్యారియర్లోనుంచి సంగటి ముద్ద తుంచి పెట్టి, తిన్నంతసేపూ తిట్టేవాడు.

నేను చేరిన కొత్తలో కుప్పం నుంచి ఒక పంచాయితీ వచ్చింది. ఆడ గ్రానైట్ కోసినప్పుడు వచ్చే ధూళిని ఆరబెట్టి పలమనేరు దగ్గర ఇటుకల ఫ్యాక్టరీకి పంపేవాళ్ళు. కుప్పంలో లారీ అంచుదాకా నింపి పట్ట కడితే, పలమనేరులో పట్ట విప్పేసరికి జానెడు తగ్గి ఉండేది. ఆ రోజుల్లో ఆ దారిలో లారీ తూచే కాటా లేదు. డ్రైవరు దారిలో దించి అమ్ముకున్నాడని ఫ్యాక్టరీవాళ్ళు గట్టిగా పట్టుకున్నారు. అతడు "సామీ, నా పిల్లల మీద ఒట్టు సామీ" అని ఏడుస్తాండాడు.

సారు నన్ను వెంటబెట్టుకొని బస్సులో పోయినాడు. లారీ ఎక్కి తన చేత్తోనే ధూళి తీసి, గాజు గొట్టంలో అంచుదాకా పోసి, డ్రైవరు చేతికే ఇచ్చినాడు. "మడత పెట్టిన గోనెపట్ట మీద తట్టప్పా. నీ లారీ గుంతల్లో ఎట్లా ఎగురుతాదో అట్లా తట్టు" అన్నాడు. అందరం చూస్తుండగానే ధూళి దిగిపోతా వచ్చింది. ఫ్యాక్టరీ ఆయన కొలబద్ద పెట్టి చూసి లెక్క ఒప్పుకున్నాడు. డ్రైవరు ఆ గొట్టాన్ని పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకొని ఎంతసేపటికీ తిరిగియ్యలేదు.

తిరిగొస్తూ బస్సులో సారు నాకొక మాట చెప్పినాడు. "పొడి యాడుంటే ఆడికి మనం పోవాలరా. అది మన దగ్గరికి రాకూడదు. వచ్చిందంటే మధ్యలో ఎవరి చెయ్యో పడినట్టే." నేను తలూపినాను. తలూపడం చాలా తేలిక.

పుంగనూరు సంచి

సారు కాలం చేసినాక మేనేజరు పక్క కుర్చీ నాదైంది. పేరొచ్చింది. ఫ్యాన్ కింద కూర్చుంటే సంచులు తామే వస్తాండాయి. పోవడం తగ్గించేసినాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, బద్ధకమే. దానికి ఇంకో పేరు పెట్టి లాభం లేదు.

పదకొండేండ్ల కిందట పుంగనూరు దగ్గర నుంచి కృష్ణప్ప అనే ఆయన వచ్చినాడు. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, పిండి కొట్టే మిల్లు ఆయనది. ఆ పిండిని బట్టల మిల్లులు కొంటాయి, నూలుకు గంజి పెట్టడానికి. మన దిక్కు కంబళ్ళు నేసేవాళ్ళు కూడా ఉన్నికి ఆ గంజే పెడతారు. అంతవరకు సంచుల్లో పట్టేవాళ్ళు. ఇప్పుడు పెద్ద తొట్టి కట్టుకోవాలని, దానికి మా కాగితం కావాలని వచ్చినాడు.

"నేనొచ్చి చూస్తానులే" అన్నాను మాట వరసకు.

"మీకెందుకు సారూ శ్రమ, నేనే పంపిస్తా" అన్నాడు.

ఐదో రోజు తెల్లగుడ్డ సంచి వచ్చింది. మూతి ఎర్ర దారంతో కుట్టి ఉండాది. విప్పితే పిండి ఎంత బాగుందంటే, పసిపిల్లల మొహానికి రాసే పౌడరు మాదిరి ఉంది. ఒక్క గడ్డ లేదు. ఒక్క పొట్టు ముక్క లేదు. అన్ని పరీక్షలూ చేసి, సులువుగా జారేది అని రాసి, సంతకం పెట్టినాను. మదనపల్లె నుంచి పుంగనూరుకు బస్సెక్కితే గంట కూడా పట్టదు. నేను ఎక్కలేదు.

చాటలు

ఆ కాగితం చూసి కట్టిన తొట్టి ఎండాకాలమంతా బాగానే పనిచేసింది. వానలు మొదలైనాక ఒకసారి రెండు రోజులు కరెంటు లేక మిల్లు ఆగింది. మూడో రోజు మూతి తెరిస్తే పిండి రాలేదు. గూటంతో కొట్టినా రాలేదు. గంగులప్ప అనే పనివాడు కడ్డీతో పైకెక్కినాడు. గట్టిగా కనపడిందని పిండి మీద కాలు పెట్టి పొడిచినాడు. కమాను విరిగింది. రొమ్ము దాకా దిగిపోయినాడు.

కింద ఉండేవాళ్ళు కంగారులో మూతి ఇంకా పెద్దగా తెరవబోయినారట. ఆ మిల్లులోనే పనిచేసే గంగులప్ప భార్య మునెమ్మ అడ్డం పడింది. "తెరవద్దండి! తెరిస్తే ఆయప్ప కిందికే పోతాడు!" అని అరిచిందంట. పిండితో పొద్దస్తమానం మెలిగిన మనిషి, ఆమెకు తెలుసు. పైన అడ్డంగా పలకలు పరిచి, వాటి మీద నిలబడి, చంకల కింద తాడు కట్టి ఇద్దరు పట్టుకున్నారు. ఆడోళ్ళందరూ వరసగా నిచ్చెన మీద నిలబడి, చాటలతో పిండి తోడి తోడి ఒకరి చేతి నుంచి ఒకరికి అందించినారు. చానాసేపు పట్టింది. మనిషి బతికినాడు. పక్కటెముకలు విరిగినాయి, ఒక కాలు మెలిపడింది, ఊపిరితిత్తుల్లోకి పిండి పోయింది.

నాకు ఆ మధ్యాహ్నమే ఫోన్ వచ్చింది. కృష్ణప్ప తిట్టలేదు. "సారూ, ఈ కాగితంలో సులువుగా జారేది అని ఉండాది కదా" అన్నాడు, అంతే. తిట్టుంటే బాగుండేది.

ఆ రోజు బస్సెక్కినాను. తొట్టిలో పిండి నా చేత్తోనే తీసినాను, అడుగు నుంచి, పక్కల నుంచి, మధ్య నుంచి. లాబుకొచ్చి చూస్తే మొండికేసే రకం. నేను రాసిన తరగతికి రెండు మెట్లు కింద. అదే మిల్లు, అదే గింజ.

ఆసుపత్రి వరండా

గంగులప్పను మదనపల్లె ఆసుపత్రిలో పెట్టినారు. మరుసటి రోజు పోతే వరండాలో మునెమ్మ కూర్చోనుంది. జుట్టులో ఇంకా పిండి ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. నేను పక్కన కూర్చొని, నెమ్మదిగా, "అమ్మా, మొదట్లో మా లాబుకు పంపిన సంచి ఎవరు కట్టినారు?" అని అడిగినాను.

"నేనే సారూ" అంది. ఆ కష్టంలో కూడా ఆమె మొహం కొంచెం విప్పారింది. "మూడు రోజులు మిద్దె మీద ఎండబెట్టి, జల్లెడ పట్టి, మళ్ళా సన్నగుడ్డలో జల్లిస్తి. సారోళ్ళ దగ్గరికి పొయ్యేది కదా. గడ్డలుండేది పంపిస్తే మా మిల్లు పరువేం కావాల? సంచి కూడా కొత్తది కుట్టినా. బాగుండిందా సారూ?"

మన ఇండ్లలో పక్కింటికి గుప్పెడు బియ్యం పంపినా రాళ్ళేరి, చెరిగి, శుభ్రం చేసి పంపుతాము. అట్లా పంపకపోతే అవమానం, వాళ్ళకూ మనకూ. ఆ మర్యాదే ఆమె నాకు చేసింది. గడ్డలు, తేమ, పొట్టు, ఏవి నేను చూడాల్నో వాటన్నిటినీ నా కోసం తీసేసింది. ఎట్లా ఉండేది అట్లే పంపు అని నేను ఒక్క మాట చెప్పలేదు. ఎవరు పంపినారు, ఏం చేసి పంపినారు అని అడగలేదు.

"చానా బాగుండిందమ్మా" అన్నాను.

లోపల గంగులప్ప మెలకువగా ఉన్నాడు. మాట్లాడితే నొప్పి. నన్ను దగ్గరికి రమ్మని చెయ్యి ఊపినాడు. "సారూ, మా మునెమ్మ జల్లించింది నేను సూసినా. దాని వల్లే కదా ఇట్లయ్యింది? పైకెక్కినాక, కాలు దిగినప్పుడు తెలిసిపోయింది నాకు. ఆ మాట ఆమెకు తెలియనియ్యొద్దు సారూ. తెలిస్తే అన్నం తినదు. నేను బతికినా లాభముండదు."

చెప్పనని మాటిచ్చినాను.

లాబులో కొత్త మేనేజరు దారి చూపించినాడు. చిన్నవాడు, చెడ్డవాడు కాదు. "సార్, పార్టీ శాంపిల్ మార్చి పంపింది అని రాసేద్దాం. నిజమే కదా. మన పేరు నిలబడుతుంది" అన్నాడు. నిజమే. కానీ ఆ ఒక్క వాక్యం రాస్తే కృష్ణప్ప ముందు అడిగేది, శాంపిల్ మార్చింది ఎవరని. మునెమ్మ పని పోతుంది. పని పోతే పోయింది, నా మొగుణ్ణి నేనే తొట్టిలోకి దించినాను అని ఆమె బతికినన్నాళ్ళూ అనుకుంటుంది. నేను వేరే రాసినాను. శాంపిల్ నేను స్వయంగా తీసుకోలేదు, ఎట్లా తీసినారో విచారించలేదు, తప్పు నాది. సంతకం. ఇదీ నిజమే. మేనేజరు రెండేళ్ళు నాతో ముభావంగా ఉన్నాడు. ఆయన కోపం నాకు న్యాయంగానే కనపడింది.

పది రోజులకు గంగులప్పను ఇంటికి పంపేటప్పుడు, మందుల చీటీ పట్టుకొని మునెమ్మ నా వెనకాలే మెట్లు దిగొచ్చింది.

"సారూ, నేను జల్లించకుండా ఉంటే ఇది జరిగుండేది కాదు కదా?"

"అట్లా ఎవరన్నారమ్మా?"

"ఎవరూ అనలే. నాకు తెలివి లేదా సారూ? మీరు సంచి ఎవరు కట్టినారని అడిగిన రోజు రాత్రి నుంచీ అదే మెదల్తాండాది." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆయప్పకు మాత్రం చెప్పద్దండి. చెప్తే నన్నేమీ అనడు. ఏమీ అనకుండా ఉంటాడే, అది నేను ఓర్చుకోలేను."

తప్పు నాదమ్మా, నాదేనమ్మా అని ఎంత చెప్పినా తల అడ్డంగానే ఊపింది. చివరికి ఆమెకూ మాటిచ్చినాను.

పిడికిలి

ఆ తొట్టిని విప్పి, గరాటు నిటారుగా, మూతి వెడల్పుగా మళ్ళా కట్టించినాము. మనిషి పైకెక్కే నిచ్చెనకు తాళం వేయించినాను. ఆ నెలంతా మిల్లులోనే పడి ఉన్నాను. అప్పుడు చూసినాను ఇంకొక సంగతి.

ఆ మిల్లు ఆడోళ్ళకు తరాల నుంచి ఒక అలవాటు ఉంది. సంచి కట్టే ముందు పిండిని పిడికిట పట్టి నొక్కి, చెయ్యి తెరిచి, బొటనవేలితో ఒకసారి పొడుస్తారు. రాలిపోతే మంచిది. రెండుగా చీలితే ఫరవాలేదు. వేలిగుర్తు పడి ముద్ద అట్లే నిలబడితే ఆ పిండిని పక్కన ఆరబోస్తారు. మా మిషన్ చెప్పే జవాబు, ఆ పిడికిలి చెప్పే జవాబు దాదాపు ఒకటే. నేను పోల్చి చూసినాను.

"మరి తొట్టి వచ్చినాక ఇది యాల మానేసినారు?" అని అడిగితే ఒకామె నన్ను వింతగా చూసి, "మీరు కాగితం రాసిచ్చినాక మా పిడికిలి ఎందుకు సారూ?" అంది.

ఈ మాట మీకు గుర్తుండాల. మన కాగితం వచ్చినచోట వాళ్ళు తమ చేతిని నమ్మడం మానేస్తారు. అందుకే కాగితం రాసే ముందు ఆ చేతిని అడగండి. శాంపిల్ తెచ్చినవాళ్ళకు టీ తాగించి, దీన్ని ఏం చేసి తెచ్చినారమ్మా అని అడగండి. పరీక్ష మాదిరి అడగొద్దు, ఇంట్లో మనిషిని అడిగినట్టు అడగండి. సిగ్గుపడకుండా చెప్తారు.

పోయిన నెల

రిటైరైనాక నిద్ర తక్కువైంది. పట్టని నిద్రలో మునెమ్మే గుర్తొచ్చేది. పదకొండేండ్లు ఆ మాట కడుపులో పెట్టుకొని మొగుడి పక్కన ఎట్లా బతుకుతాందో అని. నేనే నోరు విప్పితే? గంగులప్పకు ముందే తెలుసునమ్మా, అతనికి నీ మీద ఏమీ లేదమ్మా అని చెప్పేస్తే ఆమె బరువు దిగుతుంది కదా? కానీ ఇద్దరికీ మాటిచ్చినాను. ఇచ్చిన మాట తప్పడమా, ఆ మనిషిని అట్లే వదిలేయడమా? మా ఆవిడ చూసి చూసి, "పోయి చూసి రాపోండి, ఈడ కూర్చొని నన్ను సంపద్దండి" అని తరిమింది.

గంగులప్ప కుంటుతానే ఎదురొచ్చినాడు. మిల్లు మానేసి రెండావులు పెట్టుకున్నాడు. మునెమ్మ ఇప్పుడు మిల్లులో పెద్ద మేస్త్రి, ఆ రోజు సెలవు పెట్టింది. పంచలో చాప వేసి కాఫీ ఇచ్చినారు. ఎట్లా మొదలుపెట్టాల్నో తెలియక నేను ఆవుల గురించి అడుగుతా కూర్చున్నాను. ఇంతలో మునెమ్మ, "సారుకు రాగిపిండి కట్టిస్తా, మా చేన్లోది" అని జల్లెడ తీసుకుంది.

గంగులప్ప పెద్దగా నవ్వినాడు. "జల్లించొద్దు మునెమ్మా! సారు దాన్ని లాబుకు ఎత్తుకుపోతే మళ్ళా ఎవరు దిగాల తొట్టిలోకి?"

ఆమె చేతిలో ఉండే గుడ్డతో అతని వీపు మీద ఒకటేసింది. తనూ నవ్వింది.

ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసినాను. "మీకు... మీ ఇద్దరికీ తెలుసా?"

"ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే సారూ" అన్నాడు గంగులప్ప. "ఈమె ఏడుస్తా చెప్పేసింది. నేనూ చెప్పేస్తి, నాకు ముందే తెలుసునని. ఇంక ఇద్దరం ఏడిస్తిమి. తెల్లారినాక అంతా అయిపోయింది."

"పదకొండేండ్లప్పా! నాకు యాల చెప్పలేదు?"

మునెమ్మ తల దించుకుంది. "తప్పంతా మీ మీదేసుకొని రాసినారని కృష్ణప్ప చెప్పినాడు. అది మా కోసమేనని మాకు అర్థమైంది. మాకు తెలుసునని చెప్తే, మీరు మమ్మల్ని కాపాడింది వృథా అయిపోయిందని బాధపడతారేమో అనుకుంటిమి సారూ. పెద్దోళ్ళు, మీ మనసు యాల నొప్పించాలని."

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు. ఇన్నేళ్ళూ ఆమె ఒక్కతే మోస్తాందని నేను కుమిలిపోతుంటే, ఆ ఇంట్లో ఆ బరువు ఒక్క రాత్రిలో దిగిపోయింది. మోసింది నేనొక్కణ్ణే. "తప్పు నాదేనప్పా, నేను అడిగుండాల. ఒక్క మాట అడిగుంటే నీ కాలు..." అని ఏదేదో అన్నాను.

గంగులప్ప తన మంచి కాలు మీద బరువేసి నా పక్కన కూర్చున్నాడు. నా భుజం మీద చెయ్యేసినాడు. "అవును సారూ, తప్పు మీదే. మీరు అడిగుండాల" అన్నాడు, ఆవు ఎన్ని పాలిస్తుందో చెప్పినంత మామూలుగా. "ఇప్పుడేమాయ? బతికే ఉండాను కదా. కాఫీ తాగండి, సల్లారిపోతాది."

తాగినాను.